వద్దన్నాక మళ్లీ అడగడం: విదేశీ సేవకు రెండో దరఖాస్తు గురించి

ఉద్యోగం రాకపోతే కలిగే బాధ ఒక రకం. పెద్ద జీతం ఆశించకుండా, ఇల్లూ వాకిలీ వదిలి రెండేళ్లు ఏ మలావీ పల్లెలోనో పిల్లలకు లెక్కలు చెబుతానని ముందుకొచ్చిన మనిషిని వద్దంటే కలిగే బాధ ఇంకో రకం. ఉద్యోగం విషయంలో పోటీ ఎక్కువని సర్దిచెప్పుకోవచ్చు. సేవకు వద్దంటే మాత్రం మన మంచితనాన్నే ఎవరో తూకం వేసి తక్కువని తేల్చినట్టు ఉంటుంది. అందుకే చాలామంది ఆ ఒక్క ఉత్తరంతో ఆగిపోతారు. కొందరు పంతం కొద్దీ అదే దరఖాస్తును తేదీలు మార్చి మళ్లీ పంపుతారు.

ఈ రెండు దారులూ సరైనవి కావని నా నమ్మకం. అమెరికా వారి పీస్ కోర్, జపాన్ వారి విదేశీ సహకార వాలంటీర్ల కార్యక్రమం, ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల సంస్థ వంటివి మనుషుల్ని ఎలా ఎంచుకుంటాయో, ఎందుకు కాదంటాయో, ఆ కాదనడానికి ఎంత విలువ ఇవ్వాలో వరసగా చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. ఆ ఎంపిక మన విలువకు కొలమానం కాదు, కాబట్టి కుంగిపోవాల్సిన పనిలేదు. అయితే మళ్లీ అడిగే అర్హత మాత్రం రెండు దరఖాస్తుల మధ్య కాలంలో మనం చేసిన పనిలోంచే వస్తుంది. ఆ పని ఏమిటన్నదే అసలు ప్రశ్న.

వడపోత ఎందుకు మొదలైంది

1960 అక్టోబరు 14, తెల్లవారుజామున రెండు గంటలు. అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న జాన్ కెనెడీ మిషిగన్ విశ్వవిద్యాలయం మెట్ల మీద నిలబడి, ఎదురుచూస్తున్న వేలాది విద్యార్థులతో మాట్లాడారు. డాక్టర్లు కాబోయేవాళ్లలో ఎంతమంది ఘనాలో పనిచేయడానికి సిద్ధమని అడిగారు. విద్యార్థులు సంతకాలు సేకరించి జవాబిచ్చారు. మరుసటి ఏడు మార్చి 1న అధ్యక్షుడి ఉత్తర్వుతో పీస్ కోర్ పుట్టింది. సార్జెంట్ శ్రైవర్ దానికి మొదటి డైరెక్టర్. ఆగస్టు చివరికల్లా తొలి బృందం ఘనాలో దిగింది. ఇప్పటివరకు 2,40,000 మందికి పైగా అమెరికన్లు 140కి పైగా దేశాల్లో ఈ సంస్థ తరఫున పనిచేశారు.

మొదటి ఏడాదిలోనే గట్టి పాఠం ఎదురైంది. 1961 అక్టోబరులో నైజీరియాలోని ఇబాదాన్‌లో శిక్షణలో ఉన్న ఒక అమెరికన్ యువతి, అక్కడి జీవన పరిస్థితులు ఎంత వెనకబడి ఉన్నాయో వర్ణిస్తూ స్వదేశంలోని స్నేహితుడికి పోస్టుకార్డు రాసింది. అది దారిలోనే స్థానిక విద్యార్థుల చేతికి చిక్కింది. విశ్వవిద్యాలయంలో నిరసనలు చెలరేగాయి. ఏడాదికి ముందే స్వాతంత్ర్యం పొందిన దేశం అది. ఆ అమ్మాయిలో దురుద్దేశం లేదు. అయినా ఆమె రాసిన నాలుగు మాటలు మొత్తం కార్యక్రమాన్నే ప్రమాదంలో పడేశాయి. పంపేవాళ్లకు మనుషుల ఎంపికపై అంత భయం ఎందుకో అర్థం కావడానికి ఈ ఒక్క ఉదంతం చాలు.

ఆ రోజుల్లో దరఖాస్తు నెగ్గినా గండం గడిచేది కాదు. శిక్షణ సాగుతుండగానే ఎంపిక మండళ్లు కూర్చునేవి. మానసిక వైద్యులు ఇంటర్వ్యూలు చేసేవారు. శిక్షణలో ఉన్నవాళ్ల చేతే ఒకరి గురించి ఒకరికి మార్కులు వేయించేవారు. పోర్టోరికోలోని శిబిరంలో కొండలెక్కించి, నీళ్లలో ఈదించి ఓర్పు పరీక్షించేవారు. వారాల తరబడి కొత్త భాష నేర్చుకున్నాక, సామాను సర్దుకున్నాక, ‘మీ పేరు తీసేశాం’ అనిపించుకుని ఇంటిముఖం పట్టినవాళ్లు ఎందరో. నేటి అభ్యర్థికి వచ్చే మెయిల్ కంటే అది చాలా కఠినమైన కాదనడం.

ఆ తీర్పులు ఎంతవరకు నిజమయ్యాయి?

ఇంత జాగ్రత్తగా ఎంచుకున్నవాళ్లు అక్కడ ఎలా పనిచేశారు? ముందే వేసిన అంచనాలు ఫలించాయా? ఈ ప్రశ్నను శాస్త్రీయంగా పరిశీలించినవాళ్లు ఉన్నారు. చిన్నపిల్లల ముందు మార్ష్‌మెలో మిఠాయి పెట్టి వాళ్ల నిగ్రహాన్ని పరీక్షించిన వాల్టర్ మిషెల్ పేరు చాలామంది వినే ఉంటారు. ఆయన నైజీరియాకు వెళ్లిన పీస్ కోర్ ఉపాధ్యాయులపై చేసిన అధ్యయనాన్ని 1965లో ప్రచురించారు. శిక్షణ సిబ్బంది అంచనాలు, ఎంపిక మండలి అభిప్రాయాలు, ఇంటర్వ్యూ మార్కులు ఒకవైపు. నైజీరియాలో వాళ్లు నిజంగా ఎలా పనిచేశారన్నది ఇంకోవైపు. రెంటికీ చెప్పుకోదగ్గ పొంతన కనబడలేదు. అభ్యర్థులు తమ గురించి తాము సూటిగా చెప్పుకున్న విషయాలే కొంత మెరుగైన సూచన ఇచ్చాయి.

ఘనా తొలి బృందంలోని ఉపాధ్యాయులను బ్రూస్టర్ స్మిత్ అనే మరో మనస్తత్వవేత్త దగ్గరగా పరిశీలించారు. శిక్షణ కాలంలో మానసిక వైద్యులు వేసిన అంచనాలు తరగతి గది పనితీరును ముందుగా పట్టుకోలేకపోయాయని ఆయన అధ్యయనంలోనూ తేలింది. మిషెల్ 1968లో రాసిన ప్రసిద్ధ గ్రంథంలో, మనిషి నడత అతని స్వభావంతో పాటు అతనున్న పరిస్థితి మీద ఎంతగానో ఆధారపడుతుందని వాదించారు. ఆ వాదన వ్యక్తిత్వ మనస్తత్వ శాస్త్రంలో దశాబ్దాల చర్చకు తెరతీసింది.

ఈ పరిశోధనలు నేటి అభ్యర్థికి రెండు మాటలు చెబుతాయి. మొదటిది ఊరట. బల్లకు అవతల కూర్చున్నవాళ్లు మన భవిష్యత్తును చదవలేరు. వాళ్లు కాదంటే మనం పనికిరామని రుజువైనట్టు కాదు. రెండోది హెచ్చరిక. తమ గురించి సూటిగా చెప్పుకోవడం వేరు; ‘నాకు ఓపిక ఉంది, నాకు సేవాభావం ఉంది’ అన్న విశేషణాల వల్ల లాభం లేదు. మనిషిని చూసి కలిగే అభిప్రాయం నమ్మదగింది కాదని తెలిశాకే నియామక ప్రపంచం అందరికీ ఒకే వరసలో ఒకే ప్రశ్నలు వేసే ఇంటర్వ్యూ వైపు మొగ్గింది. ఎనభై ఐదేళ్ల పరిశోధనలను కలిపి ష్మిట్, హంటర్ 1998లో చేసిన విశ్లేషణ కూడా ఇష్టమొచ్చినట్టు సాగే ముచ్చట కంటే ఇటువంటి ఇంటర్వ్యూకే ఎక్కువ విలువ ఇచ్చింది. అందుకే ఇప్పుడు ‘ఫలానా సందర్భంలో మీరేం చేశారు?’ అని అడుగుతారు. జవాబుగా చెప్పడానికి మన దగ్గర జరిగిన సంగతులు ఉండాలి.

అన్ని ‘కాదు’లూ ఒకటి కావు

మళ్లీ దరఖాస్తు పెట్టాలా వద్దా అని ఆలోచించేముందు, వచ్చిన ‘కాదు’ ఏ రకందో గుర్తుపట్టాలి. చాలా సంస్థలు వివరంగా కారణం చెప్పవు. అయినా ఏ దశలో ఆగిందో చూస్తే కొంత పోల్చుకోవచ్చు.

ఒక రకం, నిబంధన వల్ల వచ్చే కాదు. పీస్ కోర్‌కు అమెరికా పౌరసత్వం తప్పనిసరి. గ్రీన్ కార్డు చాలదు. సీఐఏలో పనిచేసినవారికి అందులో ఎన్నటికీ చోటు లేదు. ఇతర గూఢచార సంస్థల్లో పనిచేసినవారికి సాధారణంగా పదేళ్ల ఎడం ఉండాలి. వాలంటీర్ల ముసుగులో గూఢచారులు వస్తున్నారన్న అనుమానం ఏ ఊళ్లోనూ రాకూడదని పెట్టుకున్న కట్టుబాటు ఇది. ఇలాంటి గోడ ఎదురైతే వేరే సంస్థ వైపు తిరగడమే మేలు.

రెండో రకం, ఆరోగ్యం మీద వచ్చే కాదు. మనసును బాగా నొప్పించేదీ, తప్పుగా అర్థమయ్యేదీ ఇదే. ఒక పల్లెలో ఆస్తమా తిరగబెడితే దగ్గరి ఆస్పత్రి ఎంత దూరం? వేసుకునే మందు ఆ దేశంలో దొరుకుతుందా? ఆ మందుకు అక్కడి చట్టం అనుమతిస్తుందా? వైద్య విభాగం చూసేది ఇవే. అందుకే ఒక దేశానికి కుదరని మనిషి ఇంకో దేశానికి కుదరవచ్చు. చికిత్స మారినా, కొంతకాలం ఆరోగ్యం నిలకడగా ఉన్నట్టు డాక్టర్ రాసిచ్చినా జవాబు మారవచ్చు. పీస్ కోర్‌లో ఆరోగ్య కారణాలపై ఆపినప్పుడు పునఃపరిశీలన కోరే పద్ధతి ఉంది. నియమాలు కూడా శిలాశాసనాలు కావు. హెచ్‌ఐవీ ఉందని తేలిన ఒక వాలంటీరును ఉక్రెయిన్ నుంచి వెనక్కి పంపి సేవ ముగించినప్పుడు పౌరహక్కుల సంఘం ఏసీఎల్‌యూ ఆ నిర్ణయాన్ని నిలదీసింది. 2008లో సంస్థ తన విధానం మార్చుకుంది.

మూడో రకం, చట్టపరమైన చిక్కులు. కోర్టులో నడుస్తున్న కేసు, పోషించాల్సిన కుటుంబం, తీర్చాల్సిన అప్పు, ఇలాంటివి. వీటికి కాలమే మందు. కేసు ముగిసిన పత్రం, అప్పుకు చేసిన ఏర్పాటు చేతిలో ఉంటే రెండో దరఖాస్తుకు బలం వస్తుంది. దాచిపెట్టడం మాత్రం తలుపును శాశ్వతంగా మూసుకోవడమే.

నాలుగో రకం, పోటీలో వెనకబడటం. అర్హత ఉంది, కానీ మెరుగైనవాళ్లు దొరికారు. మళ్లీ ప్రయత్నించడానికి ఎక్కువ అవకాశం ఉన్న రకం ఇదే.

ఐదో రకానికి మనతో సంబంధమే లేదు. 2020 మార్చిలో కరోనా వల్ల పీస్ కోర్ 60కి పైగా దేశాల నుంచి దాదాపు 7,000 మంది వాలంటీర్లను ఒక్కసారిగా వెనక్కి పిలిపించింది. సంస్థ చరిత్రలో అలా జరగడం అదే మొదటిసారి. బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. 2022 మార్చిలో గానీ జాంబియా, డొమినికన్ రిపబ్లిక్‌లకు మళ్లీ వాలంటీర్లు వెళ్లలేదు. యుద్ధం, అంటువ్యాధి, బడ్జెట్ కోత, ఆతిథ్య దేశంతో దౌత్య విభేదం, వీటిలో ఏది వచ్చినా అభ్యర్థి తప్పు లేకుండానే తలుపు మూసుకుంటుంది.

ఏడాదిని బట్టి మారే పోటీ

ఒకప్పుడు పీస్ కోర్ దరఖాస్తు నింపడానికి గంటల కొద్దీ పట్టేది. ఎక్కడికి పంపుతారో చెప్పేవారు కాదు. జవాబు కోసం నెలల తరబడి ఎదురుచూడాల్సి వచ్చేది. 2014లో డైరెక్టర్ క్యారీ హెస్లర్ రాడెలెట్ ఆ పద్ధతి మార్చారు. దరఖాస్తు గంటలో పూర్తయ్యేలా కుదించారు. దేశాన్నీ పనినీ అభ్యర్థే ఎంచుకోవచ్చన్నారు. ఎప్పటికి జవాబు వస్తుందో ముందే చెప్పడం మొదలుపెట్టారు. మరుసటి ఏడాదికి దరఖాస్తులు దాదాపు 23 వేలకు చేరాయి. అప్పట్లో విదేశాల్లో పనిచేస్తున్న వాలంటీర్ల మొత్తం సంఖ్య దాదాపు ఏడు వేలు మాత్రమే. 2013లో సులువుగా ఎంపికయ్యే మనిషి 2015లో ఎంపిక కాకపోయి ఉండొచ్చు. మనిషి అదే, చదువు అదే. మారింది వరసలో నిలబడ్డవాళ్ల సంఖ్య.

ఈ మార్పు ఇంకో కిటుకు కూడా చెబుతుంది. అందరూ కోరే దేశానికి, అందరూ చేయగల పనికి పోటీ విపరీతం. స్పానిష్ ఏమాత్రం రాకుండా లాటిన్ అమెరికాను మాత్రమే కోరుకునేవారు తమ దారి తామే ఇరుకు చేసుకుంటున్నారు. ఎక్కడ అవసరం ఉంటే అక్కడికి వెళ్తాననే వీలు కూడా దరఖాస్తులో ఉంటుంది. వ్యవసాయం, పర్యావరణం, ఆరోగ్యం, విద్య, యువజనాభివృద్ధి, ఊరి ఆర్థికాభివృద్ధి అనే ఆరు రంగాల్లో మన అనుభవం నిజంగా దేనికి సరిపోతుందో రెండోసారి శ్రద్ధగా చూసుకోవాలి. మొదటి దరఖాస్తు మనకు నచ్చిన దేశంతో మొదలైతే, రెండోది మనకు చేతనైన పనితో మొదలవ్వాలి.

ఇంకా ఏ తలుపులున్నాయి?

ఒక సంస్థ కాదంటే అదే సంస్థను మళ్లీ అడగాలన్న నియమమేమీ లేదు. లోకంలో ఇలాంటి సంస్థలు చాలా ఉన్నాయి. ఎంపిక చేసే తీరు ఒక్కోదానిది ఒక్కో రకం.

జపాన్ విదేశీ సహకార వాలంటీర్ల కార్యక్రమం 1965లో మొదలైంది. తొలి బృందం లావోస్ వెళ్లింది. 2016లో దీనికి రామన్ మెగసెసె పురస్కారం దక్కింది. ఇందులో ఆతిథ్య దేశాలే తమకు ఫలానా చోట ఫలానా పని చేసేవాళ్లు కావాలని అడుగుతాయి. ఆ జాబితా చూసి జపనీయులు దరఖాస్తు పెడతారు. జూడో నేర్పేవాళ్లు, నర్సులు, కూరగాయల సాగు తెలిసినవాళ్లు, ఇలా ఒక్కో కోరికకు ఒక్కో మనిషి. ఏటా వసంతంలో ఒకసారి, శరత్తులో ఒకసారి పిలుపు వస్తుంది. ఒకసారి రాకపోతే ఆరు నెలల్లో మరో జాబితా, మరో అవసరం. తిరస్కరణ భారాన్ని తగ్గించే ఏర్పాటు ఇది. ‘ఈసారి ఈ కోరికకు మీరు సరిపోలేదు’ అన్న మాటకు అక్కడ నిజంగానే అంతకు మించిన అర్థం లేదు.

బ్రిటన్‌లో అలెక్ డిక్సన్, మోరా డిక్సన్ దంపతులు 1958లో మొదలుపెట్టిన వీఎస్‌ఓ అనే వాలంటీర్ల సంస్థ మొదట బడి చదువు ముగించిన కుర్రాళ్లను పంపేది. తర్వాత తర్వాత వృత్తి అనుభవం ఉన్నవాళ్లవైపు మళ్లింది. ఆతిథ్య దేశాలు ఎదిగిన కొద్దీ, వాటి సొంత పట్టభద్రులు పెరిగిన కొద్దీ, ఉత్సాహం ఒక్కటే తెచ్చే యువకుడి కంటే నైపుణ్యం తెచ్చే మనిషి అవసరం పెరిగింది. ఈ మలుపును అర్థం చేసుకుంటే, ఇరవై రెండేళ్లకు వచ్చిన కాదు ముప్పై ఏళ్లకు అవును కావడంలో వింత కనబడదు.

భారత పౌరులకు, అంటే మన ఊళ్ల నుంచి వెళ్లాలనుకునేవారికి, అన్నిటికంటే పెద్ద తలుపు ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల సంస్థ. 1970 డిసెంబరులో సర్వప్రతినిధి సభ తీర్మానంతో ఏర్పడింది. 1996 నుంచి జర్మనీలోని బాన్ కేంద్రంగా పనిచేస్తోంది. ఏ దేశం వారైనా, 18 నుంచి 80 ఏళ్ల వరకు అందులో వాలంటీర్లు కావచ్చు. ఇటీవలి సంవత్సరాల్లో ఏటా 12 వేల మందికి పైగా దీని ద్వారా పనిచేస్తున్నారు. యువత, నిపుణులు, ఎంతో అనుభవం గడించినవారు, ఇలా వేర్వేరు తరగతులున్నాయి. ఇల్లు కదలకుండా ఆన్‌లైన్లో చేసే సేవ కూడా ఉంది. ఒకసారి వివరాలు నమోదు చేసుకుంటే ఖాళీ వచ్చిన ప్రతి పనికీ విడిగా దరఖాస్తు పెట్టొచ్చు. అనువాదం, డేటా పని, బొమ్మలు గీయడం వంటివి ఆన్‌లైన్లో ముందు చేసి చూపినవారి దగ్గర, రెండో దరఖాస్తు నాటికి చెప్పుకోవడానికి ఒక నిజమైన పని ఉంటుంది.

అమెరికా పౌరులకు పీస్ కోర్‌లోనే ఇంకో ద్వారం ఉంది. అనుభవజ్ఞులను కొన్ని నెలల నుంచి ఏడాది వరకు పంపే ‘పీస్ కోర్ రెస్పాన్స్’ అది. ఒకప్పుడు పాత వాలంటీర్లకే పరిమితం. తర్వాత వృత్తి అనుభవం ఉన్న కొత్తవారికీ తెరిచారు. మామూలు పీస్ కోర్ సేవకు పట్టే 27 నెలలు అన్నీ వదిలి వెళ్లలేనివారు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

మధ్య కాలంలో ఏం చేయాలి?

రెండు దరఖాస్తుల మధ్య ఏం జరిగిందన్నదే రెండోదానికి ప్రాణం. నిరుడు పండని చేలో అదే విత్తనం, అదే అదనులో చల్లి ఈసారి పండుతుందని కూర్చునే రైతు ఉండడు. కనీసం మట్టి పరీక్ష చేయిస్తాడు. మనం చేయించుకోవాల్సిన పరీక్ష ఇది: నేను చేస్తానన్న పనిని ఇంతకుముందు ఎప్పుడైనా, ఎక్కడైనా, వారం వారం, ఎవరూ మెచ్చుకోకపోయినా చేశానా?

విదేశంలో ఇంగ్లీషు నేర్పాలనుకునేవారు ముందు తమ ఊళ్లో నేర్పాలి. అమెరికాలో అయితే కొత్తగా వలస వచ్చినవారికి గ్రంథాలయాల్లో సాయంత్రం తరగతులు నడుస్తుంటాయి. హైదరాబాదులోనో విజయవాడలోనో అయితే సర్కారు బడి పిల్లలు దగ్గర్లోనే ఉంటారు. ఆరోగ్య రంగం కోరుకునేవారు ఆశా కార్యకర్తల వెంట తిరిగి, గర్భిణుల నమోదు ఎలా సాగుతుందో, టీకాల రోజున ఎవరెందుకు రారో చూడాలి. వ్యవసాయం అంటున్నవారు కనీసం ఒక పంట కాలం మట్టిలో చేతులు పెట్టాలి. కాలేజీలో ఉండగా జాతీయ సేవా పథకంలో రెండేళ్లలో 240 గంటలు, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం పూర్తి చేసినవారు చాలామంది ఉంటారు. సర్టిఫికెట్ తీసి చూపడంతో సరిపెట్టకుండా ఆ శిబిరంలో ఏ సమస్య వచ్చింది, ఊరివాళ్లు ఏమన్నారు, తామేం మార్చుకున్నారు అన్నది చెప్పగలగాలి.

వారం వారం అన్న మాటను నొక్కి చెబుతున్నాను. వరదలొచ్చినప్పుడు ఒకరోజు పులిహోర పొట్లాలు పంచడం మంచి పనే. కానీ రెండేళ్లు పల్లెలో ఉండేవాళ్లకు ఎదురయ్యేది వరద కాదు. వర్షం పడితే పిల్లలు రాని బడి, మూడుసార్లు వాయిదా పడిన గ్రామసభ, సగంలో ఆగిన బావి, అర్థంకాని భాషలో జోకు వేసి నవ్వుకునే పక్కింటివాళ్లు. విసుగును, ఒంటరితనాన్ని, నెమ్మదిగా సాగే పనిని తట్టుకున్న అనుభవమే ఇంటర్వ్యూలో నిలబడుతుంది. ఒకే చోట ఏడాది చేసిన చిన్న పని, పది చోట్ల చేసిన పెద్ద పనుల కంటే ఎక్కువ చెబుతుంది.

భాష ఇంకో పెట్టుబడి. పశ్చిమ ఆఫ్రికాలో చాలా చోట్ల ఫ్రెంచి, లాటిన్ అమెరికాలో స్పానిష్ పనికొస్తాయి. ఆ దేశం చేరాక స్థానిక భాష సంస్థే నేర్పుతుంది. సెనెగల్‌లో వోలోఫ్, మలావీలో చిచేవా. కానీ పెద్దయ్యాక ఒక కొత్త భాషను తప్పులతో మాట్లాడుతూ నేర్చుకున్న మనిషికి సిగ్గు పోయి ఉంటుంది. ఆ సిగ్గు పోవడమే అసలు అర్హత.

దరఖాస్తులో మారాల్సింది

‘ఎందుకు వెళ్లాలనుకుంటున్నారు?’ అన్న ప్రశ్నకు రాసే వ్యాసంలోనే చాలామంది జారిపోతారు. చిన్నప్పటినుంచి కల, ప్రపంచం చూడాలన్న కోరిక, సమాజానికి తిరిగి ఇవ్వాలన్న తపన. ఇవన్నీ నిజమే కావచ్చు. కానీ అన్నీ రాసేవారి గురించినవే. ఆ ఊరి హెడ్‌మాస్టరుకో, ఆరోగ్య కేంద్రం నర్సుకో ఈ మనిషి వల్ల ఏం ఒరుగుతుందో అందులో ఉండదు. పాత వ్యాసాన్ని ముందేసుకుని, ‘నేను’తో మొదలైన వాక్యాలన్నిటి కిందా గీత గీయండి. వాటిలో ఎన్ని ఇంకొకరికి ఉపయోగపడిన సంగతితో ముగుస్తున్నాయో చూడండి. తిరగరాయాల్సింది ఎక్కడో తెలిసిపోతుంది.

సిఫారసు రాసేవాళ్లను కూడా మార్చుకోవాల్సి రావచ్చు. హోదా ఉన్న ప్రొఫెసర్ రాసిన పొడి పొగడ్త కంటే, ఏడాదిపాటు మన పని కళ్లారా చూసిన బడి టీచరమ్మ రాసిన నాలుగు వాక్యాలకు విలువ ఎక్కువ. ఇంటర్వ్యూలో అక్కడి ఆచారాలు, మద్యం పట్ల పట్టింపులు, ఆడవాళ్ల దుస్తులు, స్వలింగ సంబంధాలపై చట్టాలు వంటివి ప్రస్తావనకు వస్తాయి. తెలియకుండా వెళ్తే తడబడతాం. తెలుసుకుని, ఏది సర్దుకోగలమో ఏది సర్దుకోలేమో నిజాయితీగా చెప్పేవారిని సంస్థలు నమ్ముతాయి. గతసారి కాదన్నారని చెప్పుకోవడానికి సంకోచించనక్కర్లేదు. అప్పటినుంచి ఏం చేశారో వెంటనే చెప్పగలిగితే, ఆ తిరస్కరణే మీ పట్టుదలకు సాక్ష్యమవుతుంది.

అసలు వెళ్లాలా అన్న ప్రశ్న

ఈ విషయం మీద రాస్తూ ఇవాన్ ఇలిచ్‌ను దాటిపోవడం న్యాయం కాదు. మెక్సికోలోని కువెర్నవాకాలో ఉంటూ అమెరికన్ వాలంటీర్లను దగ్గరగా చూసిన ఈ ఆలోచనాపరుడు, 1968లో విద్యార్థి వాలంటీర్ల సమావేశానికి వచ్చి వాళ్ల మొహం మీదే రావద్దన్నారు. సదుద్దేశం పేరిట పేదల మీదికి తమ జీవన విధానాన్ని మోసుకొస్తున్నారని, చూడటానికి రండి గానీ సాయం చేయడానికి రావద్దని ఆయన వాదన. ఆ మాటల్లో పదును ఎక్కువే. అయినా మళ్లీ దరఖాస్తు పెట్టేవారంతా ఆ ప్రశ్నను ఒకసారి తమకు వేసుకోవాలి: నన్ను అక్కడివాళ్లు అడిగారా?

ఈ ప్రశ్నకు అవునని చెప్పగలిగే ఏర్పాటు ఉన్న సంస్థలనే నమ్మాలి. ఆతిథ్య ప్రభుత్వం ఆహ్వానం, స్థానిక బడి లేదా ఆస్పత్రి నుంచి కోరిక, పక్కన పనిచేసే స్థానికుడు, ముందస్తు శిక్షణ, ఇవి ఉన్నచోట వాలంటీరు అతిథిగా వెళ్తాడు. ఇండియా కూడా ఒకప్పుడు అలాంటి అతిథుల్ని ఆహ్వానించింది. 1961 చివరి నుంచి 1976 వరకు పీస్ కోర్ వాలంటీర్లు మన దేశంలో కోళ్ల పెంపకం, వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ వంటి పనుల్లో ఉన్నారు. వారిలో ఒకరు 1966లో, 68 ఏళ్ల వయసులో, బొంబాయి శివారు విక్రోలికి వచ్చిన నర్సు లిలియన్ కార్టర్. తర్వాత అమెరికా అధ్యక్షుడైన జిమ్మీ కార్టర్‌కు తల్లి. ఆలస్యమైపోయిందని నిట్టూర్చే ముప్పై ఏళ్లవారు ఆమె వయసును గుర్తుచేసుకోవాలి.

తిరస్కరణతో దెబ్బతిన్న మనసుకు ఎదురయ్యే ప్రమాదకరమైన ఆకర్షణ ఒకటుంది: డబ్బు కట్టించుకుని, ఏ పరీక్షా లేకుండా, రెండు వారాలకు అనాథాశ్రమానికి పంపే వ్యాపారం. కంబోడియా అనాథాశ్రమాల్లో ఉన్న పిల్లల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల మందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యూనిసెఫ్ గతంలో వెల్లడించింది. విదేశీ సందర్శకుల డబ్బు ఉన్నంతకాలం పిల్లల్ని ఇళ్ల నుంచి ఆశ్రమాలకు చేర్చే వాళ్లూ ఉంటారు. రెండు వారాలకొకసారి మారిపోయే అక్కలూ అన్నలూ ఆ పిల్లల మనసులకు మిగిల్చేది మరో ఎడబాటు. ఎవరినీ కాదనని సంస్థ ఎవరినీ కాపాడదు. మనల్ని వద్దన్న వడపోతే, రేపు ఒక బిడ్డను ఇంకెవరి నుంచో రక్షిస్తుంది. ఈ సంగతి ఒప్పుకుంటే తిరస్కరణ మీద కోపం చాలావరకు చల్లారుతుంది.

మన ఇళ్లలో

అమెరికాలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకు పీస్ కోర్ తలుపు తెరిచే ఉంది. కానీ మొదటి అడ్డంకి తరచూ ఇంట్లోనే. ‘మేం ఇన్ని కష్టాలు పడి ఇక్కడికొచ్చింది నిన్ను మళ్లీ కరెంటు లేని ఊరికి పంపడానికా నాన్నా?’ అన్న తండ్రి బాధలో నిజం ఉంది. ఒకసారి కాదన్నారంటే ఆ తండ్రికి అది దేవుడిచ్చిన వరంలా కనిపిస్తుంది. మళ్లీ పెడతానంటే పిచ్చిగా తోస్తుంది. ఇక్కడ పిల్లలు వాదించడం కంటే చూపించడం మంచిది. ఏడాదిపాటు ప్రతి శనివారం వలస పిల్లలకు చదువు చెప్పి వస్తున్న కూతురిని చూసిన తల్లిదండ్రులకు, అది విహారయాత్ర మోజు కాదని విడిగా నచ్చజెప్పాల్సిన పని ఉండదు.

తెలుగు రాష్ట్రాల్లో ఉన్నవారికి చిక్కు వేరు. కొలువు ఖాయం కాకముందు రెండేళ్లు పోగొట్టుకునే స్తోమత మన మధ్యతరగతి ఇళ్లకు తక్కువ. వారికి నా సలహా, ముందు వృత్తిలో నిలదొక్కుకోండి. నర్సుగా, ఇంజనీరుగా, లెక్కల టీచరుగా కొన్నేళ్లు పనిచేసి వెళ్లినవారి అవసరమే ఈరోజు ఎక్కువ. ఈ ఆలస్యం వల్ల మీ విలువ పెరుగుతుందే తప్ప తరగదు.

ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు ఆపాలి

కారణం నిబంధన అయితే వదిలేయండి. ఆరోగ్యమో చట్టమో అయితే కాగితాలు మారాక పెట్టండి. పోటీ అయితే, గతసారి లేని ఒక నిజమైన పనిని చెప్పగలిగిన రోజున పెట్టండి; అప్పటిదాకా ఆగండి. పరిస్థితుల వల్ల ఆగిపోయి ఉంటే మొదటి అవకాశంలోనే పెట్టండి.

రెండోసారీ, మూడోసారీ కాదంటే? అప్పుడు ఈ మధ్యకాలంలో చేసిన పనివైపు ఒకసారి చూడాలి. సాయంత్రం తరగతుల్లో ఇంగ్లీషు నేర్చుకుని ఉద్యోగం తెచ్చుకున్న వలస కూలీ, లెక్కల భయం పోయిన సర్కారు బడి పిల్ల, టీకాకు వచ్చిన తల్లి, వాళ్లకు అందిన మేలు మన ఎంపిక మీద ఆధారపడలేదు. అందుకే మధ్యకాలంలో చేపట్టే పనిని ఒకే ప్రమాణంతో ఎంచుకోవాలి: ఎంపిక జరగకపోయినా ఇది చేసినందుకు సంతోషిస్తానా? అవునని మనసు చెబితే ఆ పని మొదలుపెట్టండి, దాని మీద నిలబడి దరఖాస్తు పెట్టండి. సేవ చేయడానికి ఒక సంస్థ అనుమతి కావాల్సింది విమానం ఎక్కడానికే. మిగతాదానికి ఎవరి ఉత్తరం కోసమూ ఎదురుచూడాల్సిన అవసరం లేదు.